వడోద్ గదిలో మోగిన గంట

ఈ మధ్య మా తమ్ముడి కూతురు కొత్త ఉద్యోగంలో చేరింది. ఆఫీసు మెయిల్‌ను ఫోనులో పెట్టుకుంటూ నా దగ్గరికి వచ్చి, "అత్తా, ఫోను పాపా ఐమ్యాపా అని అడుగుతంది. కౌన్సా డాలూ, ఏది పెట్టాలె?" అంది. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల, ఒక్క మాటలో రెండు భాషలు కలవకపోతే దానికి తోచదు. మెయిల్ అందుకునే రెండు పద్ధతులవి. ఐమ్యాప్ పెట్టుకోమన్నాను. "రెండోది పెడితే ఏమైతది?" అని మళ్ళీ అడిగింది. "మెయిల్ మొత్తం ఎవరో ఒకరు ఇంటికి తీసుకుపోతారు, అక్కడ ఏమీ మిగలదు" అని చెప్పబోయి, "ఎవరో ఒకరు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ పిల్ల ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ పూటంతా పర్వత్ పాటియాలోని మా పాత ఇంట్లోనే తిరిగాను.

అది రెండు గదులు, ఒక వరండా ఉన్న ఇల్లు. అందులో నాయనమ్మ, బాపు, అమ్మ, తమ్ముడు, నేను, బాపుకు తమ్ముడైన రాజేశం చిన్నాయన, ఆయన భార్య భూలక్ష్మి చిన్నమ్మ ఉండేవాళ్ళం. బాపు మగ్గాల కార్ఖానా నుంచి వచ్చేటప్పుడు మనిషికంటే ముందు నూనె వాసన గుమ్మం దాటేది. రోజంతా మగ్గాల మోతలో ఉండి ఉండి చెవులు మందగించడం వల్ల, ఉప్పు అందియ్యమన్నా కూడా వీధి చివరికి వినపడేట్టు అనేవాడు. చిన్నమ్మ వరండాలో కూర్చొని చీరలకు రాళ్ళు అంటించేది. ఆ జిగురు వాసన ఎంత ఘాటంటే, జొన్నరొట్టె కాలుతున్నా అదే ముందు తెలిసేది. కరీంనగర్ వైపు ఉన్నప్పుడు బతుకంతా బీడీలు చుట్టిన నాయనమ్మ, ఇక్కడ చేతిలో ఆకు లేకపోయినా మాట్లాడుతున్నంతసేపూ బొటనవేలు, చూపుడువేలు కలిపి చుడుతూనే ఉండేది. చుట్టీ చుట్టీ కనపడని కట్టను పక్కన పెట్టినట్టు చేయి అటు చాపేది. చిన్నప్పుడు ఆ పక్కన ఏముందోనని నేను తడిమి చూసేదాన్ని.

మా ఇంట్లో మగ్గం మీది నుంచి మొదట దిగినవాడు చిన్నాయన. చీరలకు డిజైన్లు గీసేవాడు. మొదట గళ్ళ కాగితం మీద, తర్వాత కంప్యూటర్ మీద. కంప్యూటర్ వచ్చాక కూడా చెవి మీద పెన్సిల్ తీయలేదు. కీబోర్డు ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కొని, తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకొని కూర్చునేవాడు. నది వైపు ఒక వ్యాపారి ఆఫీసులో పని చేస్తూనే, వడోద్‌లో మగ్గాల షెడ్డు పైన ఒక చిన్న గది అద్దెకు తీసుకొని సొంతంగా ఒక యంత్రం పెట్టుకున్నాడు. డిజైన్లన్నీ మెయిల్‌లో వచ్చేవి, మెయిల్‌లో పోయేవి. ఆ రోజుల్లో లైను నత్తలా నడిచేది. ఒక పెద్ద డిజైను దిగడానికి పూట పట్టేది. అందుకని వడోద్ యంత్రాన్ని ఎప్పుడూ ఆపకుండా వదిలేసేవాడు. అది పావుగంటకోసారి తనంతట తాను పోయి, వచ్చిన మెయిల్‌ను తెచ్చి పెట్టుకునేది.

నాకు ఈ విద్య నేర్పింది ఆయనే. కాలేజీ మానేసి ఇంట్లో ఉన్న నన్ను, పర్వత్ పాటియాలోనే ఒక నెట్ సెంటర్‌లో కూర్చోబెట్టాడు. మెయిల్ ఎలా పోతుంది, ఎలా వస్తుంది అని అడిగితే అన్నం ముందు కూర్చొని చెప్పేవాడు. "పంపేటోడు వేరు, తెచ్చేటోడు వేరు బిడ్డా. ఎస్ఎంటీపీ అన్నోడు పంపుడే తప్ప తెచ్చుడు ఎరుగడు. గడప కాడికి పోంగనే ముందుగాల హలో అని తన పేరు చెప్తడు. అటెన్క ఎవలు పంపిన్రు, ఎవలకు పంపిన్రు అని చెప్పి సంచి అప్పజెప్తడు. తెచ్చేటోళ్ళు ఇద్దరు. పాప్ అన్నోడు నల్లా కాడ బిందె నింపుకున్నట్టు మొత్తం ఇంటికి తెస్తడు, అక్కడ చుక్క మిగలనియ్యడు. ఐమ్యాప్ అన్నోడు తేడు. గుడికి పోయి దేవుణ్ణి చూసి వచ్చినట్టు చూసి వస్తడు. నువ్వు చూసినా దేవుడు గుళ్ళెనే ఉంటడు, నేను చూసినా ఆడనే ఉంటడు."

"నీకేది ఇష్టం?" అని అడిగాను ఒకసారి.

"పాపే. ఇంటికి తెచ్చుకున్నదే మనది" అన్నాడు.

తాను బయట ఉన్నప్పుడు ఏదన్నా అర్జెంటు డిజైను వస్తే చూసి చెప్పమని తన మెయిల్ పాస్‌వర్డ్ నాకిచ్చాడు. నెట్ సెంటర్ నుంచి వెబ్‌లో చూసేదాన్ని. ఎప్పుడు చూసినా పెట్టె దాదాపు ఖాళీగానే ఉండేది, వడోద్ యంత్రం ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోయేది కాబట్టి. ఆ ఖాళీ చూసి, చిన్నాయన పనిలో ఉన్నాడని అనుకునేదాన్ని.

ఒక ఏడు తాపీ నది పొంగి ఊరి మీదికి వరద వచ్చింది. ఆ ఉదయం చిన్నాయన టిఫిను డబ్బా పట్టుకొని వడోద్ వెళ్ళాడు. డ్యాం నీళ్ళు వదిలారని మధ్యాహ్నానికి తెలిసింది. నది వైపు ఆఫీసులో కింది గదిలో ఉన్న కంప్యూటర్లను పైకి ఎక్కించడానికి మనుషులు కావాలని కబురొస్తే బయలుదేరాడట. వంతెన ఇవతల చాయ్ బండి దగ్గర ఆయనను చూసినవాళ్ళున్నారు. అవతల చూసినవాళ్ళు లేరు. మా వీధిలోకి ఖాడీ వాగు నీళ్ళు వచ్చి, వరండాలో చిన్నమ్మ రాళ్ళ డబ్బాలన్నీ తేలాయి. నీళ్ళు తగ్గాక ఊరంతా నల్ల బురద, బ్లీచింగ్ పొడి వాసన, ఉబ్బిపోయిన పశువులు. బాపు ఆస్పత్రులన్నీ తిరిగాడు, స్కూళ్ళలో పెట్టిన శిబిరాలన్నీ తిరిగాడు. వడోద్ కూడా వెళ్ళాడు. అక్కడ కరెంటు లేదు, షెడ్డు మూసి ఉంది, మేడ మీద గదికి బయట తాళం వేలాడుతోంది. మనిషి లోపల లేడని అర్థమై తిరిగొచ్చాడు.

మా ఒక్క ఇల్లే కాదు. పక్క సందులో గంగవ్వ కొడుకు శీను, మగ్గం పని చేసే పెళ్ళికాని పిల్లగాడు, దోస్తు ఇంటికని పోయి రాలేదు. గంగవ్వకు వాడు తప్ప ఎవరూ లేరు. కొన్ని రోజులకు కుల పెద్దమనుషులు వచ్చి మెల్లగా మాట ఎత్తారు. దొరకని మనిషికి దర్భలతో బొమ్మ చేసి దినాలు జరిపించే పద్ధతి ఉందని, ఆలస్యం చేస్తే ఆ జీవికి దారి దొరకదని అన్నారు. నాయనమ్మ వేళ్ళు ఆడటం ఆగింది. చిన్నమ్మ లోపలి నుంచే, "పానం ఉన్నోనికి దినాలు ఎట్ల చేస్తరు?" అంది. ఆమె బొట్టు పెద్దదిగా దిద్దుకొని బయటికి వచ్చి, వాళ్ళకు చాయ్ ఇచ్చింది.

నెట్ సెంటర్ బురద కడిగి మళ్ళీ తెరిచాక, నేను రోజూ నా మెయిల్ తెరిచి చిన్నాయన నుంచి పాతవి ఏమున్నాయో చూసేదాన్ని. అవన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. ఒక మధ్యాహ్నం అలా చూస్తుంటే, పాత వాటి మధ్యలో, అంతకుముందు లేనిది ఒకటి కనిపించింది. వరద రోజు తారీఖుతో, దాని ముందువాటికీ తర్వాత ఎవరెవరో పంపినవాటికీ నడుమ ఎవరో చోటు చేసి చొప్పించినట్టుగా ఉంది. నిన్న సాయంత్రం కూడా చూశాను, అక్కడ లేదు. తెరిచాను. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు, రెండు ముక్కలు. "చిన్నమ్మకు చెప్పు. నేను జర లేటుగ వస్త. నా కోసం బువ్వ ఆపొద్దు, తినుమను."

సెంటర్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. బయట ఎండ తెల్లగా కాస్తోంది, ఆటోలు పోతున్నాయి. నా వెనక కుర్చీలన్నీ ఖాళీ. అయినా వెనక్కి తిరిగి చూశాను.

ఇంట్లో చదివి వినిపించాను. బాపు నెమ్మదిగా, ఆయన జీవితంలో ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో, "వరద దినం రాసిందే గదా లచ్చిమీ. గప్పటిదే" అన్నాడు.

"రాసింది గప్పుడే బావా, ఎవలు కాదన్నరు. వచ్చింది ఇయ్యాల. పంపినోడు ఒకడు ఉండాలె గద" అంది చిన్నమ్మ.

ఆ పూట చిన్నమ్మ ఆయనకు ఇష్టమైన పచ్చిపులుసు చేసి, కంచం పెట్టి, పైన మూత వేసింది. మరుసటి రోజు మధ్యాహ్నం సెంటర్ ఖాళీగా ఉన్న వేళకు నా దగ్గరికి వచ్చి, స్టూలు లాక్కొని కూర్చుంది. "రాయి" అంది. ఏం రాయాలని అడిగితే, పిల్లి నీళ్ళొచ్చినప్పటి నుంచి కనపడట్లేదని, ఆయన నీలం అంగీ మరక ఎంత ఉతికినా పోవట్లేదని, మళ్ళీ నానబెట్టానని రాయమంది. ఎక్కడున్నావని అడగమంటావా అన్నాను. "అడిగితే బుగులు పడతడు. ఇంటి సంగతులు చెప్పు, గాయనే వస్తడు" అంది.

మెయిల్ పోయింది. చేరిందో లేదో చూద్దామని, పాస్‌వర్డ్ ఉంది కదా, వెబ్‌లో చిన్నాయన పెట్టె తెరిచాను. చేరింది. పెట్టెలో అదొక్కటే ఉంది. చిన్నమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది. కాసేపటికి పేజీని మళ్ళీ తెరిచాను. పెట్టె ఖాళీ. పొరపాటనుకొని ఇంకోటి పంపాను. అది వచ్చింది, కాసేపు ఉంది, పోయింది. పాప్ పద్ధతి నాకు తెలుసు. ఎక్కడో ఒక యంత్రం వచ్చి, ఆయన పేరు చెప్పి, ఆయన పాస్‌వర్డ్ చెప్పి, బిందె నింపుకొని పోతేనే అలా జరుగుతుంది. కానీ నది వైపు ఆఫీసులో యంత్రాలు బురదలో పడి ఉండటం బాపు కళ్ళారా చూశాడు. వడోద్ గదికి తాళం, అక్కడ కరెంటూ లేదన్నాడు. ఆయన ఇంకెక్కడా యంత్రం పెట్టలేదు.

"ఏమైంది?" అంది చిన్నమ్మ.

"ఎవరో తీసుకున్నారు" అన్నాను. నాకు తెలిసినంతలో అదే నిజం.

ఆమె లేచి కొంగు సర్దుకుంది. "ఎవరో ఏందే. గాయన పెట్టెల గాయనే తీసుకుంటడు గని" అని నవ్వింది. వరద తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

అప్పటి నుంచి ఇంటి గాలి మారిపోయింది. చిన్నమ్మ రోజూ వచ్చి రాయించేది, మెయిల్ పోయి చేరడం చూసేది, మాయమవడం చూసేది, తృప్తిగా ఇంటికి పోయి వంట చేసేది. నాయనమ్మ మాత్రం తంబాకు మానేసి, తలుపు వైపు వీపు పెట్టి కూర్చోసాగింది. "బువ్వ తినని జీవి తిరుగుతంది. దానికి రోజు రోజు కబుర్లు పంపి ఇంటికి పిలుస్తున్నరు" అని గొణిగేది. బాపు రాత్రి షిఫ్టు మానుకొని ఇంట్లో ఉండేవాడు, కారణం చెప్పకుండా. తమ్ముడు వరండాలో పడుకోనన్నాడు. మూత వేసిన కంచం తెల్లారి తీసేటప్పుడు, అన్నం తరిగిందేమోనని చూడనివాళ్ళు మా ఇంట్లో లేరు. నేను కూడా చూశాను.

సంగతి సందులోకి పాకింది. ఒక రోజు చిన్నమ్మ వెళ్ళిపోయాక గంగవ్వ సెంటర్ మెట్ల మీదికి వచ్చి నిలబడింది. చెప్పులు విడిచి, గుడిలోకి వచ్చినట్టు లోపలికి వచ్చింది. "బిడ్డా, మీ చిన్నాయన ఉత్తరాలు తీసుకుంటున్నడంట గద. నాదొకటి రాయరాదు" అంది.

"ఏమని రాయాలె అవ్వా?"

"మావోడు గాడ కనపడ్డడా అని అడుగు. శీను అంటే ఎరుకే గద ఆయనకు. ఎర్రంగి తొడుక్కొని పోయిండని రాయి."

ఆ "గాడ" అంటే ఎక్కడో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. నా మెయిల్ నుంచే, "గంగవ్వ అడుగుతంది" అని పైన పెట్టి రాశాను. ఆమె తెర ముందు చేతులు జోడించి నిలబడింది. కాసేపటికి అది కూడా మాయమైంది. "తీసుకున్నడు" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకొని, చెప్పులు చేత్తో పట్టుకొని మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత నాకు సెంటర్‌లో ఒంటరిగా కూర్చోవడం కష్టమైంది. ఏదో ఒకటి తేల్చుకోవాలని, చిన్నాయన నుంచి వచ్చిన ఆ రెండు ముక్కల మెయిల్‌ను తెరిచి, దాని పూర్తి హెడర్ చూశాను. మామూలుగా మనకు కనపడని వరుసలవి. మెయిల్ ఏ గడపలు దాటి వచ్చిందో ప్రతి గడప దగ్గరా ఒక ముద్ర పడుతుంది. రాసిన వేళ వరద రోజు మధ్యాహ్నం. మొదటి గడప దగ్గర పడిన ముద్ర మాత్రం నేను దాన్ని చూసిన రోజుదే. అంటే ఇన్ని రోజులూ ఆ మెయిల్ బయలుదేరనే లేదు. ఎక్కడో కూర్చొని ఉంది. ఎక్కడ అన్నది కూడా ఆ ముద్రలోనే ఉంది. పంపే యంత్రం గడప దగ్గర హలో అని తన పేరు చెబుతుందని చిన్నాయన అనేవాడు కదా, అది చెప్పుకున్న పేరు అక్కడ రాసి ఉంది. వడోద్. తన యంత్రాలకు ఊరి పేర్లు పెట్టుకోవడం ఆయన అలవాటు.

తాళం వేసిన గదిలో నుంచి ఎవరు హలో అన్నారు? ఇంటికి పరిగెత్తి బాపుకు చెప్పాను. చిన్నమ్మ విని, పెట్టెలోంచి ఉతికిన నీలం అంగీ తీసి సంచిలో పెట్టుకొని, మా ఇద్దరికంటే ముందు గుమ్మం దాటింది.

షెడ్డు దగ్గర ఒడియా ముసలాయన ఒకడు వాచ్‌మన్. షెడ్డు యజమాని ఊరికి పోయాడని, కరెంటు వచ్చినా మగ్గాలు ఇంకా నడవట్లేదని చెప్పాడు. మేడ మీద గది సంగతి అడగగానే వెనక్కి జరిగాడు. "ఊపర్ కోయీ నహీ హై. లేకిన్ ఘంటీ బజ్తీ హై" అన్నాడు. పైన ఎవరూ లేరు గానీ గంట మోగుతుందట. ఎప్పుడు అని బాపు అడిగితే, ఎక్కువగా మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక అన్నాడు. అది చిన్నమ్మ నా పక్కన స్టూలు మీద కూర్చొని రాయించే వేళ. మెట్లు ఎక్కుతుంటే, పై మెట్టు మీద అతను వెలిగించిన అగరబత్తుల బూడిద కనిపించింది. తలుపు కింద నుంచి వెలుతురు గీతలా పడుతోంది. లోపల ఏదో తిరుగుతున్న చప్పుడు. దాంతో పాటు వాసన. కుళ్ళిన వాసన. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడకు ఆనుకుంది. బాపు ముఖం చూడలేకపోయాను. వాచ్‌మన్ దగ్గర ఇనుప కడ్డీ తీసుకొని తాళం విరగ్గొట్టాడు.

గదిలో ట్యూబ్‌లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది. కుర్చీ వెనక వేసిన తువ్వాలు ఆ గాలికి మెల్లగా ఊగుతోంది. మనిషి లేడు. కరెంటు పోయినప్పుడు స్విచ్చులు ఆపకుండా వెళ్ళాడు. కరెంటు వచ్చినప్పుడు అన్నీ వాటంతట అవే మొదలయ్యాయి. యంత్రాన్ని కూడా, కరెంటు రాగానే తనే లేచేట్టు, లేచి మెయిల్ చూసుకునేట్టు అమర్చుకున్నాడు. వడోద్‌లో పూటకోసారి కరెంటు పోయేది మరి. వరద రోజు లైను చచ్చిపోయాక నాకు రాసిన రెండు ముక్కలు, పోయాయనుకొని ఆయన వెళ్ళిపోయాడు. అవి ఆ చీకటి యంత్రంలో వేచి ఉండి, లైను రాగానే బయలుదేరాయి. బాపుకు ఇవన్నీ అక్కడే నిలబడి చెప్పాను.

వాసన టిఫిను డబ్బాది. బల్ల కింద, మూత కూడా తీయకుండా ఉంది. చిన్నమ్మ దాన్ని చూసి, "తినకుండ పోయిండు" అంది. "నన్ను తినుమని, తాను తినకుండ పోయిండు."

అప్పుడే గంట మోగింది. మెత్తగా, చిన్నగా, గదంతా వినపడేట్టు. ముగ్గురం ఒకేసారి కుర్చీ వైపు తిరిగాం. నేను దగ్గరికి పోయి మౌస్ కదిపితే నల్లటి తెర వెలిగింది. మెయిల్ వస్తే మోగే గంట అది. ఏదో లాటరీ తగిలిందని అందరికీ పంపే మెయిల్ ఒకటి వచ్చి పైన కూర్చుంది. దాని కింద, వరుసగా, మేము పంపినవన్నీ. ఒక్కటీ తప్పిపోలేదు.

చిన్నమ్మ నా భుజం మీంచి వంగి చూసింది. చదవడం రాకపోయినా, చీర డిజైన్లు చూసిన కన్ను. "గివి గింత నల్లగ ఉన్నయేంది?"

"చదవనివి అట్ల ఉంటాయి చిన్నమ్మా."

ఆమె చాలాసేపు ఆ నల్లటి వరుసల్ని చూసింది. తర్వాత వేలుతో ఒకచోట చూపించింది. "మరి గిదో?"

ఆ నలుపు మధ్యలో ఒక వరుస సన్నగా ఉంది. ఎవరో తెరిచి చదివినట్టు. "గంగవ్వ అడుగుతంది." ఒక వరుస మీద ఎంపిక గుర్తు కాసేపు ఆగితే అది తనంతట తానే సన్నబడుతుందని నాకు తెలుసు. కానీ నేను మౌస్ ముట్టుకున్నప్పుడు గుర్తు అక్కడ లేదు, అన్నిటికంటే పైన ఉంది. బాపు, "కరెంటు పోయి వచ్చినప్పుడు ఏమన్న అయి ఉంటది తియ్" అన్నాడు. అయి ఉండవచ్చు. ఇన్నేళ్ళు ఈ పనిలోనే ఉన్నాను, దానికి ఇంతకంటే మంచి కారణం నాకు దొరకలేదు.

చిన్నమ్మ కుర్చీ జరిపి నన్ను కూర్చోమంది. "ఒక్కొక్కటి తెరువు. సదువు. పెద్దగ సదువు" అంది. తెరిచాను. పిల్లి సంగతి చదివాను. నీలం అంగీ సంగతి చదివాను. నాయనమ్మ తంబాకు మానేసిందన్నది, సందులో నల్లా మళ్ళీ వస్తున్నదన్నది, జిగురు ధర పెరిగిందన్నది. ఆమె చెప్పి రాయించిన మాటలే ఆమెకు వినిపిస్తున్నాను. తెరిచిన ప్రతి వరుసా నలుపు పోయి సన్నబడుతోంది. ఆమె నా ముఖం వైపు కాదు, తెర వైపు కాదు, ఊగుతున్న తువ్వాలు వైపు చూస్తూ వింది. నలుపు ఎక్కడా మిగలని దాకా చదివించింది. "ఇగ బంద్ చెయ్" అంది. బంద్ చేశాను. బాపు లైటు, ఫ్యాను ఆపాడు. తువ్వాలు ఆగింది. ఆమె నీలం అంగీని మడిచి కుర్చీలో పెట్టి, టిఫిను డబ్బా తీసుకొని కిందికి దిగి, నల్లా దగ్గర కూర్చొని ఇసుకతో తోమీ తోమీ కడిగింది.

ఇంటికొచ్చేసరికి గంగవ్వ మా గడప మీద కూర్చొని ఉంది. ఎవరు చెప్పారో. నన్ను పక్కకు పిలిచి, "నాది సదివిండా?" అంది.

బాపు నా వైపు చూశాడు. నేను చూసింది చూసినట్టు చెప్పడం తప్ప నాకు ఇంకేమీ తోచలేదు. "చదివినట్టే ఉంది అవ్వా" అన్నాను.

"జవాబు రాయలే?"

"రాయలే."

ఆమె తలూపి, ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

మరుసటి రోజు సెంటర్‌లో చిన్నాయనకు ఇంకొక మెయిల్ పంపాను. అందులో ఏమీ రాయలేదు, పైన "చిన్నాయనా" అని తప్ప. పెట్టె తెరిచి చూశాను. వచ్చి కూర్చుంది. పేజీని మళ్ళీ తెరిచాను. ఉంది. సాయంత్రం దాకా ఉంది. తెల్లవారి కూడా అక్కడే ఉంది. ఖాళీ పెట్టె చూసి భయపడిన దాన్ని, అది నిండి ఉండటం చూసి ఏడ్చాను. ఇవాళ అందరి మెయిలూ ఎక్కడో దూరంగా, ఎవరి ఇంటికీ రాకుండా అక్కడే ఉంటోంది. మనం చూసి వస్తాం. మన తర్వాత కూడా అది ఉంటుంది, చనిపోయినవాళ్ళ పెట్టెల్లో చీరల సేలు ప్రకటనలు, పుట్టినరోజు దీవెనలు వచ్చి పడుతూనే ఉంటాయి. ఉన్ అనే పేట వైపు నేనిప్పుడు ఉంటున్న ఇంట్లో, ఆ ఒక్క నెలలో పడినంత భయం నాకు మళ్ళీ ఎన్నడూ పడలేదు. అంత ఆశ కూడా. అప్పుడు ఎవరైనా వచ్చి తీసుకుంటేనే పెట్టె ఖాళీ అయ్యేది. ఇప్పుడు పోయినవాళ్ళకూ ఉన్నవాళ్ళకూ పెట్టెలు ఒకేలా నిండి ఉంటాయి, చూసి చెప్పడానికి ఏమీ లేదు.

చిన్నమ్మ ఒప్పుకున్నాక పెద్దమనుషులు తాపీ ఒడ్డున ఏర్పాటు చేశారు. దొరకని వాళ్ళందరికీ ఒకేసారి, ఒక్కొక్కరికీ ఒక్కొక్క దర్భ బొమ్మ. నది అప్పటికి ఏమీ ఎరగనట్టు లోతుకు దిగిపోయింది. శీనుకు కూడా ఒక బొమ్మ చేసి పెట్టారు. గంగవ్వ రాలేదు. ఆమెను తీసుకు రమ్మని నన్ను పంపారు. వెళ్ళేసరికి ఆమె పొయ్యి ముందు కూర్చొని చాటలో బియ్యం ఏరుతోంది. తలకు నూనె రాసుకుంది, మంచి చీర కట్టుకుంది.

"అవ్వా, అందరు వచ్చిన్రు. మీ శీను కోసం ఆగిన్రు" అన్నాను.

"వాళ్ళను కానియ్యుమను బిడ్డా. మావోనికి ఎందుకు?" అంది. "మీ చిన్నాయన సదివిండు గద. సదివి, గాడంత దేవులాడే ఉంటడు, అసొంటి మనిషే. కనపడితే చెప్పకుండ ఉంటడా? ఏం చెప్పలేదంటే, మావోడు గాడ లేడన్నట్టే."

నేను గుమ్మంలో నిలబడి ఉండగానే ఆమె చాట కొట్టి లేచింది. ఎసరు మరుగుతోంది. ఇద్దరికి సరిపోయేటన్ని బియ్యం కొలిచి, అందులో పోసింది.